సదరు పిల్లులను హాజరుపరచవలెను

మా సీతంరేవు మున్సిపాలిటీలో ఏ నిబంధనా ఊరికే పుట్టలేదు. ఈ మాట మా సూపరింటెండెంటు పరాంకుశం గారు రోజుకు రెండుసార్లయినా అనేవారు. ఆయన కింద పదకొండేళ్లు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక అది నిజమేనని నేనూ ఒప్పుకుంటాను. బొమ్మల నిబంధన కూడా అలా ఊరికే పుట్టింది కాదు. నాలుగేళ్ల కిందట ఎవరో ఒకతను మంచాన పడ్డ ముసలాయన ఫొటో పట్టుకుని ఊళ్లో గడపగడపకీ తిరిగి చందాలు పోగుచేసుకుపోయాడు. తీరా ఆరా తీస్తే ఆ ముసలాయన వేరే జిల్లాలో నిక్షేపంగా సైకిలు షాపు నడుపుకుంటున్నాడు. దాంతో కౌన్సిలు ఏకగ్రీవంగా తీర్మానించింది: "బొమ్మ చూపి విరాళము కోరువారు, బొమ్మయందలి లబ్ధిదారుని అధికారి యెదుట హాజరుపరచి, పోలిక ధ్రువీకరణ పొందవలెను."

నాలుగేళ్లలో ఆ నిబంధన కింద ఒక్క దరఖాస్తూ రాలేదు. మొదటిది దమయంతి గారిది.

దమయంతి గారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ గొంతు ఇప్పటికీ ట్రంకు కాల్ కలుపుతున్నట్టే స్పష్టంగా, తొందర లేకుండా ఉంటుంది. చేపల మార్కెట్టు వెనక మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో పంతొమ్మిది పిల్లుల్ని సాకుతున్నారు. కళ్లు తెరవకముందే ఎవరో గోనెసంచిలో వదిలేసినవీ, లారీ కిందపడి కాలు పోయినవీ, ఇల్లు మారినవాళ్లు సామానుతో పాటు ఎక్కించుకోకుండా పోయినవీ. ఒకప్పుడు తాను లైన్లు కలిపిన ఊళ్ల పేర్లే వాటికి పెట్టుకున్నారు. తుని, తణుకు, గూడూరు, బాపట్ల, రేపల్లె... సాయంత్రం ఆవిడ గుమ్మంలో నిలబడి "తునీ! తణుకూ! గూడూరూ!" అని కేకేస్తుంటే, ఊరికి కొత్తవాళ్లు బస్సేదో బయల్దేరుతోందనుకుని సంచులు చంకన పెట్టుకునేవారు.

షెడ్డు బాగా పాతబడింది. దాన్ని పడగొట్టి గోడౌను కట్టుకుంటానని యజమాని చెప్పాడు. మంచివాడే, తొలకరి దాకా గడువిచ్చాడు. మార్కెట్టువాళ్లు ఓ మూల జాగా చూపించారు. ఇక పైన రేకులు వెయ్యాలి, చుట్టూ వల కట్టాలి. ఊరికే చెయ్యి చాపే బదులు బొమ్మలు వేసి అమ్ముదామన్న ఆలోచన మంగతాయారు గారిది. మార్కెట్టు వీధిలో ముగ్గుల పోటీ పెడితే మొదటి బహుమతి ఆవిడకే రాసిపెట్టి ఉంటుంది. ఆవిడ మాట మీద వీధంతా కదిలింది. రెండు ఆదివారాలు చేపలమ్మేవాళ్లూ, మిషను కుట్టేవాళ్లూ, రిటైరైన డ్రిల్లు మాస్టారూ, పడవలకు రంగులేసే జిలానీ, తలా ఒక పిల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మ వేశారు. పిల్లికొకటి చొప్పున పంతొమ్మిది బొమ్మలు. ఇక మిగిలింది మున్సిపాలిటీ అనుమతి ఒక్కటే.

"ఒక్కటే" అని దమయంతి గారు నాతో అన్నప్పుడు నేను మరో దస్తా కాగితాలు బల్ల మీదికి తీసుకున్నాను.

పరాంకుశం గారు దరఖాస్తును రెండువైపులా చదివారు. వెనకవైపు ఏమీ రాసి లేదు. అయినా చదివారు.

"ఈ బొమ్మలయందున్నది ఎవరమ్మా?"

"పిల్లులండి."

"సాధారణ పిల్లులా, నిర్దిష్ట పిల్లులా?"

"మా పిల్లులేనండి. మా షెడ్డులో ఉంటాయి."

"అనగా నిర్దిష్టములు. విరాళము ఎవరి నిమిత్తము?"

"ఆ పిల్లుల కోసవేనండి."

"అనగా బొమ్మలోనివారూ, లబ్ధిదారులూ ఒక్కరే." పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకుని నా వైపు తిరిగారు. "నూకరాజూ! ఫైలు తెరువు. సదరు పిల్లులను హాజరుపరచవలెనని నోటీసు రాయి."

"పిల్లుల్ని ఆఫీసుకి తీసుకురావాలాండీ?" అన్నారు దమయంతి గారు.

"స్వయంగా హాజరు కాలేనివారిని తమరు వెంటబెట్టుకుని రావచ్చును. అందుకు అభ్యంతరము లేదు," అన్నారాయన ఉదారంగా.

సోమవారం ఉదయం రెండు ఆటోల్లో, మూతలు కట్టిన చేపల బుట్టల్లో పిల్లులు వచ్చాయి. వెనక రిక్షాలో బొమ్మలు వచ్చాయి. వాటి వెంట జిలానీ, మంగతాయారు గారూ వచ్చారు. పోల్చడానికి వీలుగా బొమ్మల్ని కౌన్సిలు హాల్లో గోడ పొడవునా వేలాడదీయించి, పరాంకుశం గారు హాలు మధ్యన బల్ల వేసుకుని కూర్చున్నారు. నేను ప్రొఫార్మా నింపుతున్నాను. అది ఆఫీసులో ఉన్న ఏకైక ప్రొఫార్మా. మనుషుల కోసం అచ్చు వేయించింది.

"పేరు?"

"తుని అండి."

"తండ్రి పేరు?"

దమయంతి గారు కాసేపు ఆలోచించారు. "తెలీదండి."

"'తెలియదు' అని రాయి. వృత్తి?"

"ఎలకల్ని పడతదండి," అన్నాడు పక్కనున్న జిలానీ.

"'స్వయం ఉపాధి' అని రాయి."

తర్వాత పోలిక చూడాలి. బొమ్మలో తుని కళ్లు విప్పార్చుకుని చూస్తోంది. బల్ల మీది తుని మాత్రం ఫ్యాను గాలి తగలగానే నిద్రపోయింది. నిద్రపోతున్న లబ్ధిదారుని లేపవచ్చునా అన్నది నిబంధనలో లేదు. లేపకూడదని కూడా లేదు. ఇలాంటప్పుడు ఏమీ చెయ్యకపోవడమే క్షేమమని పరాంకుశం గారి అనుభవం. అందరం తుని ముఖంలోకి చూస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నం నాలుగు కావస్తుండగా అది ఒక కన్ను తెరిచి, మమ్మల్నందర్నీ ఒకసారి చూసి, మళ్లీ మూసుకుంది.

"కుడికన్ను సరిపోలినది," అన్నారు పరాంకుశం గారు. "ఎడమకన్ను రేపటికి వాయిదా."

రెండో రోజు గూడూరు దగ్గర పెద్ద చిక్కొచ్చింది. గూడూరు గోధుమరంగు పిల్లి. జిలానీ వేసిన గూడూరు నీలంగా ఉంది, చెవులతో సహా.

"సదరు నీలం పిల్లి ఎక్కడ?"

"ఇదేనండి అది."

"ఇది గోధుమరంగుది. బొమ్మలోని నీలం పిల్లిని హాజరుపరచుము."

"నీలం పిల్లి ఎక్కడైనా ఉంటదేటండి బాబూ? పడవలకేసిన రంగు మిగిలిందండి, దాంతో ఏసేను. పోనీ, ఇప్పుడే గోదుంరంగు కొట్టిచ్చెయ్యమంటారా?"

"దాఖలైన పత్రము మీద రంగు కొట్టుటయా?" పరాంకుశం గారు కుర్చీలోంచి సగం లేచారు. "అది దిద్దుబాటు కిందికి వచ్చును. క్రిమినలు."

జిలానీ పిల్లి వంక చూశాడు. బొమ్మను మార్చకూడదంటే ఇక మార్చడానికి మిగిలింది పిల్లే. ఆ సంగతి గూడూరుకూ అర్థమైందేమో, మంగతాయారు గారి కుర్చీ కిందికి వెళ్లి కూర్చుంది. ఆవిడ మాత్రం కదలకుండా అడిగారు.

"సూపరింటెండెంటు గారూ, మీరు ఉద్యోగంలో చేరినప్పుడు రిజిస్టర్లో ఫొటో అంటించుంటారు గదండీ?"

"అంటించితిని."

"రంగుల్దాండీ?"

"అప్పట్లో రంగుల ఫొటోలెక్కడివమ్మా? తెలుపు నలుపు."

"మరి అప్పుడు తమరు తెలుపు నలుపులో ఉండేవారాండీ?"

పరాంకుశం గారు చాలాసేపు బొమ్మను చూశారు, తర్వాత పిల్లిని చూశారు. ఆయన మూర్ఖుడు కాదు. నిబంధనకు దారి చూపిస్తే నడిచే మనిషి. "రాయి నూకరాజూ. 'సదరు బొమ్మ ఏకవర్ణమున తయారైనది. రంగు పరిగణనలోకి తీసుకోనవసరము లేదు. ఆకారము సరిపోలినది.'"

జిలానీ గూడూరును ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నాడు.

మూడో రోజు ఆఫీసుకు రాగానే పరాంకుశం గారు నన్ను పిలిచారు. పెద్ద సందేహమే వచ్చిందాయనకు. మొన్న వచ్చిన తునీ, నిన్న వచ్చిన తునీ ఒకటేనని ఏమిటి హామీ? కుడికన్ను ఒక పిల్లిదీ, ఎడమకన్ను మరో పిల్లిదీ అయితే ధ్రువీకరణ ఏం కావాలి? అందువల్ల పరిశీలన ముగిసేదాకా లబ్ధిదారులు కార్యాలయ ఆవరణ విడిచి పోరాదని ఉత్తర్వు వెలువడింది. పంతొమ్మిది పిల్లులకూ కౌన్సిలు హాల్లో బస ఏర్పాటైంది. సమావేశాల టీకి తెప్పించే పాలలో సగం వాటికి మళ్లించారు. ఆ హాల్లో అంతమంది అంత ప్రశాంతంగా కూర్చోగా నేను చూడటం అదే మొదటిసారి.

దమయంతి గారికి ఆ ఉత్తర్వు చదివి వినిపించింది నేనే. ఆవిడ మర్నాటినుంచి రోజూ ఉదయం ఆఫీసు తలుపులు తీసేసరికి మెట్ల మీద ఉండేవారు, సాయంత్రం తాళం వేసేదాకా కదిలేవారు కాదు. ఒకరోజు మాత్రం, "తొలకరికి ఇంకా ఇరవై రోజులే ఉందండి నూకరాజు గారూ. రేకులెప్పుడు కొంటాం, ఎప్పుడేస్తాం?" అన్నారు. ఫైలు నడుస్తోందని చెప్పాను. నడుస్తూనే ఉంది. పదకొండు పిల్లులు పూర్తయ్యాయి, ఎనిమిది మిగిలాయి.

మా ఆఫీసులో పని మీద వచ్చినవాళ్లు కౌన్సిలు హాలు వరండాలో కూర్చుని ఎదురుచూస్తారు. కుళాయి కనెక్షనుకని వచ్చినవాళ్లు, పుట్టినతేదీ సర్టిఫికెట్టుకని వచ్చినవాళ్లు, ఎందుకొచ్చామో మర్చిపోయినవాళ్లు. ఒక్కొక్కరూ నాలుగేసి గంటలు కూర్చుంటారు. ఖాళీ ఒడి కనబడితే పిల్లి ఊరుకోదు. రెండో వారానికల్లా వరండాలో పిల్లి లేని ఒడి లేదు. పని కాలేదని విసుక్కుంటూ వెళ్లిపోయేవాళ్లు తగ్గారు. పని అయిపోయినా వెళ్లనివాళ్లు కనబడసాగారు.

వాళ్లలో సుగుణమ్మ ఒకరు. భర్త మరణ ధ్రువపత్రం కోసం అప్పటికి ఆరుసార్లు వచ్చింది. ప్రతిసారీ ఆయన పేరులో ఏదో ఒక అక్షరం తప్పు పడేది. వచ్చిన ప్రతిసారీ తణుకు ఆవిడ ఒళ్లో చేరి, చీర కుచ్చిళ్లలో ముక్కు పెట్టుకుని పడుకునేది. ఏడోసారి కాగితం సరిగ్గా వచ్చింది. సుగుణమ్మ దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. లేవలేదు.

"అయ్యా," అంది పరాంకుశం గారితో. "దీన్ని నాకిచ్చేయండి. ఇంటికాడ ఒక్కదాన్నే. ఇది ఒళ్లో పడుకుంటే కాస్త ఊపిరాడినట్టుంటంది."

"అది పరిశీలనలో ఉన్న లబ్ధిదారు అమ్మా. ఇచ్చుటకు వీలులేదు."

"మా మరిదిని ఓసారి పోలీసోళ్లు లోపలేసేరండి. ఆణ్ణే పూచీకత్తు మీద ఒదిలేరు. ఈ నోరులేనిదానికి అది కూడా లేదాండీ?"

పరాంకుశం గారు ఆ మధ్యాహ్నమంతా నిబంధనల పుస్తకంలో తల దూర్చి కూర్చున్నారు. చివరికి దొరికింది. బందెలదొడ్డిలో పెట్టిన పశువును, స్థానికంగా నివాసముండే వ్యక్తి పూచీకత్తు మీద విడుదల చేయవచ్చును. పశువు అనగా నాలుగు కాళ్లు గల జంతువు. కౌన్సిలు హాలును తాత్కాలిక బందెలదొడ్డిగా ప్రకటిస్తూ ఆయన ఒక ఉత్తర్వు రాయించారు. తణుకు సాయంత్రం అయిదింటికి సుగుణమ్మ చంకలో ఇంటికి వెళ్లింది. షరతు ఒక్కటే, ప్రతి సోమవారం ఆఫీసులో హాజరు కావాలి.

ఆ కబురు ఊళ్లోకి ఎలా పాకిందో తెలియదు. మర్నాడు పూచీదార్లు వరస కట్టారు. కుళాయి కనెక్షను ఆయన తునిని తీసుకెళ్లాడు. డ్రిల్లు మాస్టారు బాపట్లకు పూచీపడ్డారు. గూడూరుకు జిలానీ కాక ఇంకెవరు? ప్రతి ఒక్కరినీ పరాంకుశం గారు "సొంత ఇల్లా, అద్దె ఇల్లా? ఇంట్లో కుక్క గలదా? లబ్ధిదారు పరారైనచో బాధ్యత వహింతురా?" అని అడిగేవారు. అందరూ వహిస్తామనేవారు. రోజుకు రెండు మూడు చొప్పున హాలు ఖాళీ అయింది.

దమయంతి గారు వరండా స్తంభానికి ఆనుకుని చూస్తుండేవారు. పిల్లి బుట్టలోకి ఎక్కే ముందు దాని చెవిలో ఏదో చెప్పేవారు. తీసుకెళ్లేవాళ్లకు ఏది ఏం తింటుందో, ఏది ఉరుముకు భయపడుతుందో చెప్పేవారు. ఒక సాయంత్రం ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చారు.

"నేను బొమ్మలమ్ముదావనుకున్నానండి. పిల్లుల్ని పంచేద్దావనుకోలేదు."

"పంచలేదండి. పూచీకత్తు మీద వెళ్లాయి. సోమవారం సోమవారం వస్తాయి."

"వస్తాయాండీ?"

"రాకపోతే నోటీసిస్తామండి."

ఆవిడ నవ్వబోయి పైట చెంగుతో ముఖం తుడుచుకున్నారు. నాకు ఏం చెయ్యాలో తెలియక ఇంకుసీసాకు మూత పెట్టాను.

శనివారానికి హాల్లో రేపల్లె ఒక్కటే మిగిలింది. లారీ కింద కాలు పోయినది అదే. దానికి మూడు కాళ్లు కనుక పశువు నిర్వచనం కిందికి రాదు. పశువు కాదు కనుక పూచీకత్తు మీద విడుదలకు వీలులేదు. అడిగిన ఇద్దర్నీ పరాంకుశం గారే తిప్పి పంపించారు. వాళ్లు మరొక పిల్లిని తీసుకుని వెళ్లిపోయారు. దమయంతి గారు ఇంటికి తీసుకెళ్తానంటే, దరఖాస్తుదారు పూచీదారు కారాదన్నారు. అయిదైంది. మర్నాడు ఆదివారం, ఆఫీసుకు సెలవు. అంత పెద్ద హాల్లో రేపల్లె బల్లకిందినుంచి కుంటుకుంటూ వచ్చి ఆయన బూటు మీద గడ్డం ఆనించి కూర్చుంది.

పరాంకుశం గారి భార్య పోయి రెండేళ్లయింది. హోటలు క్యారియరు తెప్పించుకుని తింటారని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆయన కాలు కదపకుండా చాలాసేపు కూర్చుని, నిబంధనల పుస్తకం మళ్లీ తీయించారు.

"నూకరాజూ. 'నాలుగు కాళ్లు గల జంతువు' అన్నారు. నాలుగూ ప్రస్తుతము ఉండవలెనని అన్నారా?"

"అనలేదండి."

"జన్మతః నాలుగు. తదుపరి సంఘటనల ప్రసక్తి ఇచట లేదు. ఫారము తీసుకో."

"పూచీదారు ఎవరండి?"

ఆయన లేచి బల్లకు ఇటువైపు వచ్చి, దరఖాస్తుదార్లు నిలబడేచోట నిలబడ్డారు. తర్వాత ఖాళీ కుర్చీ వైపు తిరిగి, ప్రశ్న వదలకుండా అన్నీ తనే అడిగి, అన్నిటికీ తనే జవాబిచ్చారు.

"సొంత ఇల్లా, అద్దె ఇల్లా? సొంతము. ఇంట్లో కుక్క గలదా? లేదు." కొంచెం ఆగారు. "ఇంట్లో ఎవరెవరు గలరు?" ఆ ప్రశ్న ఫారంలో లేదు. "బాధ్యత వహింతురా? వహింతును." పూచీదారు చోట సంతకం పెట్టి, అటు వెళ్లి కుర్చీలో కూర్చుని, ఆమోదించిన అధికారి చోటా సంతకం పెట్టారు. వరండాలో స్తంభం పక్కన దమయంతి గారు రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నారు. రేపల్లెను చంకన పెట్టుకుని దిగుతూ ఆయన మెట్ల దగ్గర ఆగారు.

"ఇది ఏమి తినును?"

"కట్టచేపంటే ప్రాణవండి. ముల్లు తీసి పెట్టాలి."

ఆయన పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని మనిషి. "ముల్లు తీసి..." అని నెమ్మదిగా తనలో తాను అనుకుంటూ వెళ్లిపోయారు.

ఆ ఏడు తొలకరి పది రోజులు ముందే వచ్చింది. గురువారం మధ్యాహ్నం ఒక్కసారిగా మబ్బేసి, రేవు వైపునుంచి గాలి లేచింది. ఎవరూ పడగొట్టకుండానే ఐసు ఫ్యాక్టరీ షెడ్డు పడిపోయింది. ఇనప దూలంతో సహా పైకప్పంతా లోపలికి కూలింది. నేను వెళ్లేసరికి దమయంతి గారు వానలోనే నిలబడి చూస్తున్నారు. పెంకుల కింద పిల్లులు పడుకునే గోనెపట్టలు కనబడుతున్నాయి. మంగతాయారు గారు ఆవిడ భుజాలు పట్టుకుని, "ఒక్కటీ లేదు గదా వదినా, ఒక్కటీ లేదు గదా," అంటున్నారు. ఏ ఇంట్లో ఏది ఉందో తెలిసినా, దమయంతి గారు ఆ సాయంత్రం గొడుగు వేసుకుని పంతొమ్మిది ఇళ్లకూ వెళ్లి పంతొమ్మిదింటినీ కళ్లారా చూసుకుని గాని ఇల్లు చేరలేదు.

సోమవారం నేను తుది ఉత్తర్వు ముసాయిదా రాసి పరాంకుశం గారి ముందు పెట్టాను. పోలిక ధ్రువీకరణ సంపూర్ణము. అయితే షెడ్డు లేనందునను, షెడ్డులో లబ్ధిదారులు లేనందునను, విరాళముల ఆవశ్యకత లేనందునను, దరఖాస్తు ముగించడమైనది. ఆయన అక్షరం అక్షరం చదివి కలం తీశారు. ఆయన ఫైలు ఏదీ మూడు నెలలు దాటి ఉండదు. అది ఆయనకు గర్వం.

"ఇందు మీద సంతకము చేసినచో, సోమవారాల హాజరు?"

"ఇక అక్కర్లేదండి."

తలుపు తెరిచే ఉంది. హాల్లో పూచీదార్లందరూ పిల్లులతో వచ్చి ఉన్నారు. గోడ మీద పంతొమ్మిది బొమ్మలూ అలాగే ఉన్నాయి. వాటి కింద దమయంతి గారు హాజరు పిలుస్తున్నారు. ఆ పని ఎవరూ ఆవిడకు అప్పగించలేదు. ఒక్కో పేరుకూ ఒక్కో మూలనుంచి పిల్లి తలెత్తుతోంది. సుగుణమ్మ పక్కవాళ్లకు తణుకు దొంగతనాలు చెప్పి నవ్విస్తోంది. పరాంకుశం గారి బల్ల కింద, క్యారియరు పక్కన, రేపల్లె నిద్రపోతోంది.

ఆయన కలం పక్కన పెట్టి హాల్లోకి నడిచారు. సుగుణమ్మ ముందు ఆగి తణుకును చూశారు. గోడ మీది బొమ్మను చూశారు.

"ఇదేమిటి? బొమ్మయందు పక్కటెముకలు కనబడుచున్నవి. దీనియందు ఏవీ?"

"బాగా తింటందండి," అంది సుగుణమ్మ భయంగా.

ఆయన వరసగా పంతొమ్మిదింటినీ చూసుకుంటూ వచ్చారు. అన్నిటికీ ఒళ్లు వచ్చింది. గూడూరుకు మెడ కనబడటం లేదు. పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు.

"సదరు లబ్ధిదారులు ప్రస్తుతము బొమ్మలతో సరిపోలుటలేదు. ధ్రువీకరణ యావత్తూ రద్దు. దరఖాస్తుదారు కొత్త బొమ్మలు వేయించవలెను. అంతవరకు లబ్ధిదారులు ప్రతి సోమవారం యథావిధిగా హాజరు కావలెను."

దమయంతి గారు ఆయన ముఖంలోకి చూశారు. ముప్పై ఏళ్లు తెలియనివాళ్ల గొంతులు విన్న మనిషి ఆవిడ. గొంతు వెనక ఏముందో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఎప్పట్లోగా వేయించాలండి?"

"గడువు నిర్దేశించబడలేదు," అన్నారాయన.

ఆవిడ కుర్చీ లాక్కుని పిల్లుల మధ్యన కూర్చున్నారు. నేను ముసాయిదా చించేసి, వచ్చే సోమవారానికి పంతొమ్మిది నోటీసులు రాయడం మొదలుపెట్టాను.